మూత మాత్రమే మార్చారు

“తప్పు చదివానని ఒక్క ముక్క రాసివ్వమ్మా. ఇంతకన్నా నిన్నేమీ అడగను,” అన్నారు మామగారు.

కాగితం, పెన్ను అరగంట నుంచీ భోజనాల బల్ల మీద అలాగే పడి ఉన్నాయి. టీ చల్లారి పైన మీగడ కట్టింది. అత్తగారు పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నారు గానీ, మడిచిన చొక్కానే విప్పి మళ్లీ మడుస్తున్నారు. భర్త కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

కోడలు కాగితం ముట్టుకోలేదు.

ఆ ఇంట్లో ఆమెను అందరూ దుబాసి అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మామగారే. పెళ్లికి ముందు ఆమె ఒక పెద్ద హోటల్లో జపాను నుంచి వచ్చే అతిథులకు మాట సాయంగా ఉండేది. అలాంటి పిల్ల కోడలిగా రావడంతో తన వ్యాపారానికి కళ్లొచ్చాయని ఆయన కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు.

ఆయన తెప్పించేవి జపాను కార్లు. అలాగని ప్రతి కారూ కాదు. అక్కడి కంపెనీ తన దేశంవాళ్ల కోసమే చేసుకుని, బయట ఎక్కడా షోరూములో నిలబెట్టని పెద్ద సెడాన్లు. ఉన్ని గుడ్డ తొడిగిన మెత్తటి సీట్లు, ఆనిస్తే చాలు తమంతట తామే మూసుకునే తలుపులు, వెనక కూర్చున్న మనిషి కాళ్లు చాపుకోవడానికి ముందు సీటు వీపులో తెరుచుకునే దారి. కొత్తవి ఇక్కడ దొరకవు కాబట్టి వాడినవాటిని అక్కడి వేలంలో పాడుకుని ఓడ మీద తెప్పించాలి. ప్రతి కారుతోనూ వేలంవాళ్ల తనిఖీ కాగితం ఒకటి వస్తుంది. కారు బొమ్మ, గీతలకొక గుర్తు, సొట్టలకొక గుర్తు, ఓ మూల చేత్తో గొలుసుకట్టుగా రాసిన నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలే కారు జాతకం. వాటిని మన భాషలోకి మార్చి కింద సంతకం పెట్టడం దుబాసి పని. ఆరేళ్లుగా అదే చేస్తోంది.

ఎముకల డాక్టరుగారు వాళ్ల దగ్గర కొన్న నల్ల కారు ఆరు రోజుల కిందట పొద్దున్నే వీధి దీపపు స్తంభానికి గుద్దుకుంది. వెనక సీట్లో ఉన్న డాక్టరుగారి తల్లికి దెబ్బ తగల్లేదు. డ్రైవరు మాత్రం ఛాతీతోనూ ముఖంతోనూ వెళ్లి స్టీరింగుకు కొట్టుకున్నాడు. ఎయిర్‌బ్యాగు తెరుచుకోలేదు. విప్పి చూస్తే అసలు అక్కడ ఎయిర్‌బ్యాగే లేదు. పైన కొత్త మూత, లోపల ఖాళీ, హెచ్చరిక దీపం వెలగకుండా కలిపిన చిన్న తీగ ముక్క.

వేలం కాగితంలో ఆ సంగతి దాపరికం లేకుండానే ఉంది. ‘ఎయిర్‌బ్యాగు పేలిపోయింది. మూత మాత్రమే మార్చారు.’ డాక్టరుగారికి అందిన అనువాదంలో ఉన్నది ‘స్టీరింగు మూత మార్చారు’ అని. కింద దుబాసి సంతకం.

రేపు పదింటికి దుబాసి ప్రమాదాల తనిఖీ అధికారి ముందు హాజరు కావాలి. తెలిసి అమ్మారని తేలితే కార్ల యార్డు గేటుకు తాళం పడుతుందనీ, దాన్ని నమ్ముకున్న పద్నాలుగు కుటుంబాలు రోడ్డున పడతాయనీ మామగారు నెమ్మదిగా చెప్పారు. చదవడంలో పొరపాటంటే ఎవరూ కాదనలేరు, ఎవరినీ జైల్లో పెట్టరు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే కోడలు తప్పు చదివిందని ఆయన నమ్ముతున్నారు. ఆమె పొరపాటును పెద్ద మనసుతో క్షమించేశారు కూడా. దుబాసికి అదే ఎక్కువ బాధగా ఉంది.

ఆమె భర్త వీపు వంక చూసింది. ఆ వీపు కదల్లేదు.

మూడు నెలల కిందట ఆ మనిషే ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆమె చదివి వినిపించింది. కొత్త ఎయిర్‌బ్యాగు సామానుకు అప్పుడే కబురు పెట్టాననీ, అది వచ్చి బిగించాకే కారు అప్పగిస్తామనీ, ఎలాగూ పోయే లోపానికి కొనేవాళ్లను ముందే బెదరగొట్టడం ఎందుకనీ అతను అన్నాడు. ఆమె కాసేపు ఆగి, ‘స్టీరింగు మూత మార్చారు’ అని రాసింది. ఆరేళ్లలో అలా రాయడం అదొక్కసారే.

“ఆలోచించుకుని చెబుతాను, మామయ్యగారూ.”

“ఇందులో ఆలోచించడానికి ఏముందో,” అన్నారు పక్క గదిలోంచి అత్తగారు, చొక్కాతో అన్నట్టుగా.

దుబాసి లేచి కప్పులు తీస్తూ, డ్రైవరు బాబాయిని ఒకసారి చూసి రమ్మని మామగారిని అడిగింది. మూడు రోజులుగా అడుగుతూనే ఉంది. ఆస్పత్రిలో ఉన్న డ్రైవరు పరాయివాడు కాదు. ఇరవై రెండేళ్లు ఈ యార్డులోనే పనిచేశాడు. ఓడ దిగిన ప్రతి కారునూ మొదట నడిపేది అతనే. ఆమె భర్తకు స్టీరింగు పట్టడం నేర్పిందీ అతనే. నెల కిందట ఎందుకో ఏమిటో చెప్పకుండా పని మానేసి, ఆ నల్ల కారుతో పాటే డాక్టరుగారి దగ్గర చేరిపోయాడు.

“వాడి పేరు నా దగ్గర ఎత్తకు,” అన్నారు మామగారు. “వెళ్లేవాడు వెళ్తానని ఒక్క మాట చెప్పి వెళ్లకూడదా? నేనేం కాళ్లకు అడ్డం పడతానా?”

ఆయన లేచి వెళ్లిపోయారు. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

గదిలోకి వెళ్లాక దుబాసి భర్తను నిలబెట్టి అడిగింది. తను సరిగ్గానే చదివానని నాన్నగారితో ఎప్పుడు చెబుతారని. చెబుతానన్నాడు. ఎప్పుడని మళ్లీ అడిగింది. అతను మేజోళ్ల కోసం సొరుగంతా వెతకడం మొదలుపెట్టాడు.

“ఆ సామాను వచ్చిందా? రాలేదా? ఒక్క మాట చెప్పండి.”

“ఆలస్యమైంది.”

“నేనడిగింది అది కాదు.”

అతను దొరికిన మేజోళ్లు వేసుకున్నాడు. రెండూ ఒక జత కావు. అయినా అలాగే బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆమె తన తెల్ల కారు తీసుకుని ఆస్పత్రికి వెళ్లింది. నల్ల కారూ ఇదీ ఒకే వేలంలో కొని ఒకే ఓడలో తెచ్చినవి, ఒకే రకం. వడగళ్లు పడి దీని పైకప్పు నిండా సొట్టలు. అందుకని ఎవరూ కొనక, చివరికి ఇంటి కారు అయింది. రోజూ పొద్దున్నే పాపను బడిలో దింపేది ఇందులోనే.

డ్రైవరు బాబాయి కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఛాతీ చుట్టూ పట్టీ, ఎడమ కంటి మీద గుడ్డ కట్టు. ఆ కంటికి చూపు వస్తుందో లేదో ఇంకో వారం గడిస్తే గానీ చెప్పలేమన్నారట. ఒంటి కన్నుతో ఆమెను చూసి లేవబోయాడు. ఆమె వద్దని భుజం పట్టుకుంది.

“పెద్దాయన రాలేదా?”

“రాలేదు బాబాయ్.”

“వస్తార్లే. పనులుంటాయి.”

డాక్టరుగారి తల్లి నిన్న వచ్చి వెళ్లిందని చెప్పాడు. కారు తాళం తిప్పగానే జపాను భాషలో ఒక ఆడగొంతు మాట్లాడుతుంది. టోలు కార్డు పెట్టలేదని దాని ఫిర్యాదు. ఆవిడ మాత్రం అది కుశలమడుగుతోందనుకుని, రోజూ “నేను బాగున్నానమ్మా, నువ్వెలా ఉన్నావు” అని జవాబిచ్చేదట. ఆ కారమ్మాయికి దెబ్బలేమైనా తగిలాయా అని నిన్న అడిగిందట. ఇద్దరూ నవ్వారు. నవ్వితే పక్కటెముకలు లాగి అతను ఛాతీ అదిమిపట్టుకున్నాడు.

అతను కుదుటపడేదాకా ఆగి, ఇంట్లో తనను ఏం రాసివ్వమంటున్నారో దుబాసి చెప్పింది. బాబాయి ఆమె వైపు తల తిప్పాడు.

“రాసిచ్చేశావా?”

“ఇంకా లేదు.”

“ఇవ్వకు తల్లీ.”

ఆపైన ఒక్కో ముక్కే ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. సామాను వచ్చింది. పేలే సరుకని విమానంలో ఎక్కించుకోరు కాబట్టి ఓడలోనే రావాలి, నెలన్నర పట్టింది. ఓడరేవు నుంచి పెట్టె తెచ్చింది తనే. సరిగ్గా ఆ వారమే తెల్ల కారు హారను మూగబోయిందని స్టీరింగు విప్పారు. అందులోనూ ఎయిర్‌బ్యాగు లేదు. దాని కాగితంలో ఆ సంగతి అక్షరం కూడా లేదు, వేలంవాళ్ల కళ్లే గప్పారు ఎవరో.

“ఉన్నది ఒకటి, కార్లు రెండు. అబ్బాయి ఆ పెట్టె పట్టుకుని రెంటి మధ్యా చాలాసేపు నిలబడ్డాడు,” అన్నాడు బాబాయి. “పొద్దున లేస్తే నువ్వూ పాపా ఎక్కేది తెల్లదే కదమ్మా. దానికే పెట్టాం. లైటు పట్టుకున్నది నేనే.”

దుబాసి ఒళ్లో ఉన్న కారు తాళం వంక చూసుకుంది.

రెండోది వచ్చాక నల్ల కారుకు బిగిద్దామనుకున్నారు. ఈలోగా డాక్టరుగారి తల్లికి మోకాళ్ల ఆపరేషను అయింది. కాలు వంచకుండా ఎక్కగలిగే కారు ఊరు మొత్తానికి అదొక్కటే. డాక్టరుగారు రోజూ ఫోను చేస్తుంటే ఇంక ఆపలేక అప్పగించేశారు.

“ఎవడో ముక్కూమొహం తెలియనివాడు దాన్ని వేగంగా తోలితే ఏమవుతుందోనని భయమేసింది. నేనే వెళ్లి చేరతానన్నాను. మెల్లగా నడుపుకుంటూ నెల రోజులు గడిపేస్తే చాలనుకున్నా. నడిపాను కూడా. ఆ లారీ సందులోంచి అలా దూసుకొస్తుందని, తప్పించబోతే స్తంభం అడ్డొస్తుందని ఎవరికి తెలుసు?”

“మామయ్యగారికి ఎందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దని అబ్బాయి చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వెళ్తున్నానని చెబితే ఎందుకని అడుగుతారు. ఆయన ఎదుట నాకు అబద్ధం నోటికి రాదు. అందుకే చెప్పకుండా వెళ్లిపోయా.”

“డాక్టరుగారికైనా చెప్పాల్సింది బాబాయ్.”

“చెప్పాల్సింది,” అన్నాడతను. “ఆవిడను చెయ్యి పట్టుకుని ఎక్కించిన ప్రతిసారీ అనుకునేవాణ్ణి.”

ఆమె బయటికి వచ్చి కారు తలుపు తీసింది. స్టీరింగు నడుమ నున్నటి మూత. దాని వెనక ఉన్నది ఎవరిదో ఇప్పుడు ఆమెకు తెలుసు. కూర్చోవాలని ఒక కాలు లోపల పెట్టి, మళ్లీ తీసేసింది. తలుపు ఆనించి తాళం వేసి బస్సెక్కింది.

యార్డులో భర్త కొత్తగా ఓడ దిగిన బూడిదరంగు కారు చుట్టూ తిరుగుతూ కాగితం మీద టిక్కులు పెడుతున్నాడు. ఎండ వాలుతోంది. వరసగా నిలబెట్టిన కార్ల మీద ఉప్పుగాలి మరకలు ఇంకా కడగలేదు. ఆమె గేటులోంచి నడిచి రావడం చూసి, కారేదని అడిగాడు.

“ఆస్పత్రి దగ్గర వదిలేశాను.”

అతని చేతిలో పెన్ను ఆగింది. ఇంకేమీ అడగకుండా బూడిదరంగు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. పనివాళ్లకు వినబడకుండా మాట్లాడాలంటే యార్డులో చోటు అదొక్కటే. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. తలుపు దానంతటదే మూసుకుంది. బయటి చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు దాన్ని ఊడదీయించి డాక్టరుగారి కారుకు పెట్టించేదానివి.”

పాప బడి సంచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే తీరు కళ్ల ముందు మెదిలింది.

“పెట్టించేదాన్నో లేదో నాకూ తెలియదు. మీరు అడిగుంటే తెలిసేది.”

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

“పోనీ ఆ నెల రోజులూ మేము ఆ కారు ఎక్కకుండా ఉంటే సరిపోయేది కదా. ఇవాళ నేను వచ్చినట్టే బస్సులో వెళ్లేవాళ్లం.”

“కారు ఎందుకు పక్కన పెట్టారని నాన్న అడిగేవారు.”

“అడిగితే?”

ఇంత జరిగింది ఆ ఒక్క ప్రశ్నకు భయపడేనని ఆమెకు అప్పుడర్థమైంది. నలభై ఏళ్లు మీదపడుతున్న మనిషి. ఓడరేవులో ఎంత పెద్ద అధికారినైనా నిలదీసి మాట్లాడతాడు. తండ్రి గొంతు సవరించుకుంటే మాత్రం చేతిలో ఉన్నది వెనక్కి దాచుకుంటాడు. అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది. అతను తమ ఇద్దరి కోసమే చేశాడన్న సంగతి ఆ కోపానికి అడ్డం వస్తోంది. ఆ సంగతి మీదే మళ్లీ కోపం వచ్చింది.

“బాబాయికి కన్ను పోతుందేమో, తెలుసా?”

“తెలుసు. రోజూ వెళ్తున్నాను. గుమ్మం దాకా వెళ్లి వచ్చేస్తున్నాను.”

రేపు పదింటిలోగా మామగారికి అతనే చెప్పాలనీ, తను మాత్రం చెప్పబోననీ ఆమె అంది. అతను తలూపాడు. ఆ తలూపడం ఆమెకు కొత్త కాదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అతను రెండుసార్లు “నాన్నా” అన్నాడు. మొదటిసారి నీళ్ల చెంబు అందించమన్నాడు. రెండోసారి ఏమీ అనలేదు.

తెల్లారి లేచేసరికి మామగారు ఇంట్లో లేరు. చీకటి విడకముందే చెప్పుల చప్పుడు వినబడిందనీ, ఎక్కడికని అడిగితే పలకలేదనీ అత్తగారు చెప్పారు. ఆయన ఫోను బల్ల మీదే ఉంది, రాయని కాగితం పక్కన.

“మనిషి లేనిదే ఎవరికి చెప్పను?” అన్నాడు భర్త. ఆ మాటలో సన్నటి ఊరట దుబాసి చెవిన పడనే పడింది. ఆమె జడ బిగించుకుని బయలుదేరింది. అతను వెనకాలే వచ్చాడు.

తనిఖీ కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. భర్తను వరండాలో బెంచీ మీద కూర్చోమని, ఆమెను మాత్రం లోపలికి పిలిచారు. అధికారి యాభై ఏళ్లు దాటిన సన్నటి మనిషి, కళ్లజోడు జారినప్పుడల్లా పెన్నుతో పైకి నెట్టుకుంటోంది. వేలం కాగితం, దుబాసి అనువాదం పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆవిడ ఎక్కడో మరొక దుబాసిని పట్టుకుని ఆ వాక్యాన్ని చదివించుకున్నట్టుంది, దాని కింద ఎర్ర గీత ఉంది.

“ఈ వాక్యం తప్పు చదివారా?”

“లేదండీ. సరిగ్గానే చదివాను. తప్పు రాశాను.”

ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుంది.

“ఆ రెండింటికీ తేడా ఏమిటో మీకు తెలుసా? చదవడంలో తప్పయితే మీకు హెచ్చరికతో పోతుంది. రెండోదయితే అలా పోదు.”

“తెలుసండీ.”

“మీ అంతట మీరే రాశారా, ఎవరైనా రాయమన్నారా?”

రాత్రంతా ఆమె ఆలోచించింది ఇంతవరకే. ఇక్కడికి వచ్చాక ఏమనాలో ఎంత ఆలోచించినా తేలలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. మామగారు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. ఆస్పత్రిలో చూడవచ్చినవాళ్లకిచ్చే పచ్చ చీటీ జేబుకు ఇంకా అంటించే ఉంది. ఆయన ఎదుట బాబాయి నోట అబద్ధం రాదని దుబాసికి గుర్తొచ్చింది. ఎవరూ కూర్చోమనకుండానే కోడలి పక్క కుర్చీలో కూర్చున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నేను రాయమన్నాను,” అన్నారు. “సామాను వచ్చిన సంగతీ నాకు తెలుసు. దాన్ని ఇంటి కారుకు పెట్టించిందీ నేనే. లైసెన్సు నాది, సంతకం పెట్టించింది నేను. ఈ పిల్ల నా మాట కాదనలేక రాసింది. వేరే ఎవరికీ ఇందులో సంబంధం లేదు.”

దారి పొడవునా వల్లె వేసుకున్నట్టు ఒక్క గుక్కలో చెప్పేశారు. కోడలి వంక చూడలేదు.

దుబాసి తల తిప్పింది. తలుపు తెరిచే ఉంది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తండ్రి వీపు వంకే చూస్తున్నాడు. ఆమె ఆగింది. అతనికి ఇవ్వగలిగినంత సేపు ఇచ్చింది. గోడ మీద ఫ్యాను ఒకసారి అటు తిరిగింది, ఇటు తిరిగింది.

అధికారి ముసలాయన వంక చూడలేదు. అనువాదం కాగితాన్ని దుబాసి వైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టింది.

“ఈయన చెప్పింది నిజమేనా అమ్మా?”

మామగారి చెయ్యి బల్ల మీదుగా జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. అందులో బతిమాలడమే ఉంది.

“కాదండీ,” అంది దుబాసి.

ఆ చెయ్యి బిగిసింది.

“మరి ఎవరు?”

“అది చెప్పాల్సింది నేను కాదండీ. గుమ్మంలో నిలబడ్డ మనిషిని అడగండి.”

అధికారి తలెత్తి తలుపు వైపు చూసింది. మామగారూ మెల్లగా వెనక్కి తిరిగారు. దుబాసి మాత్రం తిరగలేదు.